నెట్ ఉన్నా వెబ్‌సైట్ ఎందుకు తెరుచుకోదు?

వైఫై గుర్తు నిండుగా ఉంది. అయినా వెబ్‌సైట్ రావడం లేదు. ఎందుకు?

పిల్లలూ, కంప్యూటర్లు ఒకదాన్నొకటి చేరుకునేది అంకెల చిరునామాతోనే. అమ్మ ఫోన్‌లో ‘పెద్దమ్మ’ అని నొక్కితే, ఆ పేరు పక్కనున్న నంబరుకు కాల్ వెళ్తుంది కదా! ఇంటర్నెట్‌లో అలా పేరుకు అంకెలు వెతికిచ్చేది డీఎన్ఎస్ సర్వర్. 1983లో పాల్ మొకాపెట్రిస్ ఈ పద్ధతిని రూపొందించారు. ఆ సర్వర్ పలకకపోతే, దారి బాగున్నా ఎటు వెళ్లాలో కంప్యూటర్‌కు తెలియదు.

లోపం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ‘పింగ్’ అనే ఆదేశంతో ముందు 8.8.8.8 అనే చిరునామాను పలకరించండి. జవాబు వస్తే దారి బాగున్నట్టే. తర్వాత వెబ్‌సైట్ పేరుతో పలకరించండి. పేరు దొరకలేదంటే, స్పెల్లింగ్ సరిచూడండి. అదీ సరిగ్గా ఉంటే డీఎన్ఎస్‌ను అనుమానించాలి. రౌటర్‌ను ఆపి మళ్లీ వేయండి. అప్పటికీ కుదరకపోతే, పెద్దల సాయంతో సెట్టింగుల్లో వేరే డీఎన్ఎస్ సర్వర్ అంకెలు పెట్టి చూడండి.