అంటే ఏంట్రా? - ఒక మానిటర్ కథ

పోయిన ఏడాది గేమింగ్ మానిటర్ కావాలని అడిగినప్పుడు, స్టీల్ ప్లాంట్‌లో బి షిఫ్ట్ దిగి వచ్చిన నాన్న ఒక్క ప్రశ్నే వేశారు. "ఇంట్లో ఉన్నదానికీ దీనికీ తేడా ఏంట్రా?"

"ఇందులో ఫ్రీసింక్ ఉంది నాన్నా."

"అంటే?"

నాకు తెలీదు. డబ్బులు మాత్రం ఇచ్చారు. ఆ "అంటే?"కి ఆలస్యంగా రాస్తున్న జవాబు ఇది.

మామూలు మానిటర్ సెకనుకి 60 సార్లు, అంటే ప్రతి 16.7 మిల్లీసెకన్లకి ఒకసారి బొమ్మ మారుస్తుంది. గ్రాఫిక్స్ కార్డ్ అలా లెక్కగా పనిచెయ్యదు. ఖాళీ గోడని చూస్తుంటే ఫ్రేమ్ 10 మిల్లీసెకన్లలో వచ్చేస్తుంది, బాంబు పేలితే 25 పట్టొచ్చు. మానిటర్ సగం గీసేసరికి కొత్త ఫ్రేమ్ వచ్చిపడితే పైన పాత బొమ్మ, కింద కొత్త బొమ్మ. దీన్నే టియరింగ్ అంటారు.

దీనికి పాత మందు వి-సింక్. అది మన ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు లాంటిది. టైమైతే కదిలిపోతుంది. మీ ఫ్రేమ్ 20 మిల్లీసెకన్లకి పరిగెత్తుకొచ్చినా 16.7 బస్సు వెళ్లిపోయింది, ఇక 33.3 బస్సే దిక్కు. చిరుగు పోతుంది కానీ ఆట కుదుపులతో నడుస్తుంది, మౌస్ కూడా లేటుగా స్పందిస్తుంది.

వేరియబుల్ రిఫ్రెష్ రేట్ షేర్ ఆటో లాంటిది. దానికి టైమ్ టేబుల్ లేదు, నిండగానే బయల్దేరుతుంది. ఫ్రేమ్ రెడీ అయిన క్షణమే స్క్రీన్ మారుతుంది.

దీన్ని 2013లో ఎన్విడియా జీ-సింక్ పేరుతో ప్రకటించింది. అప్పట్లో మానిటర్ లోపల ప్రత్యేక మాడ్యూల్ పెట్టాల్సి వచ్చేది కాబట్టి ఖరీదు ఎక్కువ ఉండేది. 2014లో వీసా సంస్థ అడాప్టివ్-సింక్‌ని డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణంలోకి తెచ్చింది, ఏఎండీ ఫ్రీసింక్ దాని మీదే వచ్చింది. 2019 జనవరిలో ఎన్విడియా కూడా అలాంటి మానిటర్లతో పనిచేస్తామంది. అందుకే ఇప్పుడు చవక మానిటర్ల డబ్బాల మీద కూడా ఈ పేర్లు కనిపిస్తాయి. నేను బోల్తా పడింది అక్కడే.

నా తప్పు 1: రేంజ్ చూడలేదు. ఈ సౌకర్యం ఒక హద్దులోనే పనిచేస్తుంది. నా మానిటర్‌ది 48 నుంచి 75 హెర్ట్జ్. నా జీటీఎక్స్ 1650 మీద నేనాడే గేమ్ 40, 45 దగ్గర నడిచేది. అంటే హద్దుకి కిందే! రేంజ్‌లో పై అంకె కింది అంకెకి కనీసం రెట్టింపు ఉంటే, 40 ఫ్రేములొచ్చినప్పుడు ఒక్కోటి రెండుసార్లు చూపించి 80 దగ్గర నడిపిస్తారు. 48-144కి అది కుదురుతుంది, 48-75కి కుదరదు.

నా తప్పు 2: డబ్బాలో ఇచ్చిన హెచ్‌డీఎమ్ఐ కేబుల్ పెట్టేశాను. ఏఎండీ కార్డ్ అయితే ఫ్రీసింక్ హెచ్‌డీఎమ్ఐ మీద కూడా వస్తుంది. నా ఎన్విడియా కార్డ్‌కి, ఆ మానిటర్‌తో డిస్‌ప్లేపోర్టే కావాలి. నాలుగు నెలలు అసలు ఆన్ కాని ఫీచర్‌ని చూపించి "స్మూత్‌గా ఉంది కదరా" అని ఫ్రెండ్స్‌ దగ్గర బిల్డప్ ఇచ్చాను.

కాబట్టి ద్వారకానగర్ షాపులో అయినా, ఆన్‌లైన్‌లో అయినా కొనేముందు:

- మోడల్ నంబర్ పట్టుకుని కంపెనీ సైట్‌లో రేంజ్ చూడండి. డబ్బా మీది పేరుని నమ్మకండి.
- మీ కార్డ్‌కి ఏ పోర్ట్ కావాలో తెలుసుకోండి. కొన్ని లాప్‌టాప్‌లలో ఒక్కో పోర్ట్ ఒక్కో గ్రాఫిక్స్ చిప్‌కి కలిసి ఉంటుంది.
- వీఏ, ఓలెడ్ ప్యానెళ్లలో ఫ్రేములు ఎగిరిపడినప్పుడు చీకటి సీన్లు మినుకుమనొచ్చు. ఆ మోడల్ రివ్యూలో ఫ్లికర్ గురించి చదవండి.
- తెచ్చాక మానిటర్ మెనూలో, డ్రైవర్ సెట్టింగ్స్‌లో రెండుచోట్లా ఆన్ చేసి, ఫ్రేముల్ని పై హద్దుకి మూడు తక్కువలో కట్టెయ్యండి.

మీ గేమ్ ఎప్పుడూ 200 ఫ్రేముల పైన పరిగెడుతుంటే దీని అవసరం తక్కువే. ఇది మన లాంటి మధ్యతరగతి కార్డులకి ఎక్కువ ఉపయోగం.

మొన్న ఇదంతా నాన్నకి బస్సు, ఆటో పోలికతోనే చెప్పాను. విని నవ్వారు. "అయితే నాలుగు నెలలు ఆటోకి డబ్బులిచ్చి బస్సెక్కావన్నమాట."

కేబుల్ మార్చాను. గ్రాఫిక్స్ సెట్టింగ్స్ తగ్గించి 50 పైన ఉంచుతున్నాను. ఇప్పుడు ఆటో ఎక్కినట్టే ఉంది.