ఏటి నీట పండిన రంగు

మా కళాశాల వార్షికోత్సవమునకు వేదిక నలంకరింపవలెనని విద్యార్థులు సికింద్రాబాదు బజారునుండి ఒక వస్త్రము కొనితెచ్చిరి. దానిపై నెమళ్లు, తీగెలు, పెద్ద పెద్ద కన్నుల దేవతామూర్తులు. "సార్, కలంకారీ! చాలా చవకగా వచ్చింది" అని వారు సంబరముగా చెప్పిరి. నేను దాని చెంగు త్రిప్పి వెనుకవైపు చూచితిని. ముందువైపున నిప్పువలె వెలుగుచున్న ఎరుపు వెనుకవైపున వెలవెలబోవుచున్నది. పిల్లల సంతోషమును చెడగొట్టుటకు మనసొప్పలేదు. తెలుగు పాఠము చెప్పువాడనై యుండి, తెలుగువారి కళను గూర్చిన అసత్యమునకు తల యూపుటకును మనసొప్పలేదు. "ఇది కలంకారీని చూచి యంత్రము వేసిన అచ్చు. అసలైన రంగు ఏటిలో పుట్టును" అంటిని. "ఏటిలోనా సార్?" అని అందరును నవ్విరి. ఆ నవ్వునకు అప్పుడు చెప్పలేకపోయిన సమాధానమే ఈ వ్యాసము.

వర్ణ మను మాటకు రంగు అనియు, అక్షర మనియు, జాతి యనియు అర్థములు కలవు. ఈ మూడర్థములను ఒక్కచోట చూడగోరువారు శ్రీకాళహస్తికి పోవలెను. 2022వరకు చిత్తూరు జిల్లాలోను, ఆ తరువాత తిరుపతి జిల్లాలోను చేరిన ఈ పుణ్యక్షేత్రము స్వర్ణముఖీ తీరమున వెలసినది. మన పూర్వకవులు ఈ యేటిని మొగలేరు అనిరి. సాలీడును, పామును, ఏనుగును కొలిచి తరించిన కథ గల ఊరు గనుక అచ్చటి దేవునికి ఆ మూటి పేర్లే కలిసి పేరైనవి. ఆ ఊరి గుడి నీడలోనే కలంకారీ పెరిగినది. కలము, కారీ యను రెండును పారసీక మార్గమున మనకు వచ్చిన మాటలు. అచ్చటివారి సొంత మాట వేరు. వారు దానిని 'వ్రాతపని' యందురు.

ఎంత చక్కని మాట! బొమ్మ గీయుట, అక్షరము వ్రాయుట అను భేదము ఆ మాటలో లేదు. పాతకాలపు పటములలో నడుమ దేవతామూర్తి పెద్దదిగా నుండును. చుట్టును వరుసలు వరుసలుగా రామాయణ కథయో, భారత కథయో చిన్న చిన్న గళ్లలో నడచును. బొమ్మల వెంట తెలుగు అక్షరములలో కథావివరణము వ్రాసియుండును. చదువు వచ్చినవాడు అక్షరమును, రానివాడు బొమ్మను చదువుకొనును. నేటి మన సచిత్ర వాచకములకు ఈ గుడి తెరలు పెద్దతాతలు. అట్టి కాళహస్తి రామాయణ పట మొకటి నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములో ఉన్నది.

ఇక ఏటిలో రంగు పుట్టుటన్న మాట. మొదట కోరా నూలుబట్టను ఉతికి గంజి పోగొట్టుదురు. పిమ్మట కరక్కాయ పొడియు, గేదెపాలును కలిపిన నీట ముంచి ఎండవేయుదురు. కరక్కాయలోని వగరు నూలును పట్టుకొని రంగు నిలుచుటకు తోడ్పడును. పాలలోని కొవ్వు గీత చెదరి ప్రక్కలకు ప్రాకకుండ కాపాడును. కొత్త కలంకారీ వస్త్రమునకు పాలవాసన యుండుటకు ఇదియే కారణము. చింతపుల్ల బొగ్గుతో తొలిరూపు గీసికొని, అటుపిమ్మట కలము పట్టుదురు. కలమనగా కొన చెక్కిన వెదురుపుల్ల. కొనకు కొంచెము పైగా ఉన్నియో, గుడ్డయో చుట్టి దారముతో బిగింతురు. ఆ చుట్ట రంగును పీల్చుకొనును. వ్రేలితో నొక్కినకొలది రంగు కొనలోనికి దిగును.

నలుపు చేయు తీరు ముచ్చటైనది. త్రుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో వేసి కొన్ని వారములు పులియనిత్తురు. ఆ ద్రవము చూచుటకు నల్లనిది కాదు, కరక్కాయ పట్టిన బట్టయు నల్లనిది కాదు. రెండును తాకినపుడు మాత్రము కాటుకవంటి నలుపు పుట్టును. ఎరుపు ఇంకను విచిత్రము. ఎచ్చట ఎరుపు కావలెనో అచ్చట కళాకారుడు పటికనీటితో వ్రాయును. వ్రాసినది దాదాపు కంటి కానదు. ఆ బట్టను పారుచున్న నీట జాడించి, చిరివేరు, మంజిష్ఠ మొదలైనవి వేసి మరుగుచున్న కాగులో ఉడికింతురు. పటిక తాకిన చోటనెల్ల ఎరుపు మేలుకొనును. పటిక లేనిచోట పట్టిన మసక మరకలను పోగొట్టుటకు పేడనీటిలో నానవేసి, ఇసుకపై పరచి, నీరు చల్లుచు ఎండబెట్టుదురు. మరల పాలు పట్టించి, కరకపువ్వుతో పసుపుపచ్చను, నీలిమందుతో నీలమును నింపుదురు. నీలముపై పసుపుపచ్చ పడినచోట ఆకుపచ్చ. ప్రతి దశకును నడుమ ఉతుకుట, ఆరవేయుట. మొత్తము 23 దశలని లెక్క చెప్పువారు కలరు.

ఈ పని యంతటికిని పారు నీరే ఆధారము. నిలువనీటిలో జాడించినచో బట్ట వదలిన పటిక ఆ నీటిలోనే తిరిగి, మరల బట్టనే పట్టుకొనును. అప్పుడు తెల్లగా నుండవలసిన ముఖము కాగులో ఎర్రబారును. ఏరు మిగులును మోసికొనిపోవును. కావలసినదానిని మాత్రము విడిచిపెట్టును. కళాకారునిది వ్రాసెడు చేయి. ఏటిది దిద్దెడు చేయి. కృష్ణాజిల్లాలో మచిలీపట్నము ప్రక్కనున్న పెడనలో కలమునకు బదులు చెక్కఅచ్చులతో అద్దకము చేయుదురు. అచ్చటను బట్టలు జాడించుటకు కాలువనీరే దిక్కు. పద్ధతులు వేరైనను రెండు ఊళ్లును నీటి ఋణము తీర్చుకొనలేనివే.

మన తీరపు రంగుల బలమెంతటిదో చరిత్ర చెప్పుచున్నది. మచిలీపట్నము మొదలైన రేవులనుండి పోయిన అద్దకపు బట్టలకు ఐరోపాలో ఎంత గిరాకి యేర్పడెననగా, తమ నేతగాండ్రకు బ్రతుకుతెరువు పోవునని 1686లో ఫ్రాన్సు వానిని నిషేధించెను. 1700లోను, 1721లోను ఇంగ్లండు చట్టములు చేసికొనెను. నిషేధములు చేయలేని పనిని కాలక్రమమున రసాయనశాల చేసినది. మంజిష్ఠ జాతి వేళ్లలో ఎరుపునిచ్చు పదార్థమును 1868లో గ్రేబే, లీబర్మన్ అను జర్మను శాస్త్రజ్ఞులు కృత్రిమముగా చేసి చూపిరి. 1897లో కృత్రిమ నీలి అంగడికెక్కినది. మిల్లుగుడ్డ, సీమరంగు వచ్చిన తరువాత ఏటి ఒడ్డున కాగు పెట్టువారు క్రమముగా తగ్గిపోయిరి. ఇరువదవ శతాబ్ది నడుమకు కాళహస్తిలో ఈ విద్య కొలది కుటుంబములలో మాత్రమే కొన ఊపిరితో నుండెను.

అప్పుడు దానికి ప్రాణము పోసినవారిలో కమలాదేవీ చట్టోపాధ్యాయ ప్రముఖురాలు. ఆమె పూనికతో 1957లో శ్రీకాళహస్తిలో ఒక శిక్షణకేంద్రము వెలసినది. కొన్ని ఇండ్ల సొత్తుగా నున్న విద్య తరగతిగదిలోనికి వచ్చినది. ఉపాధ్యాయ మిత్రులు ఈ సంగతిని ప్రత్యేకముగా గమనింపవలెను. చచ్చిపోవుచున్న కళను బ్రతికించిన సాధనములలో ఒకటి బడి. ఆ తరపు కళాకారులలో జొన్నలగడ్డ గుర్రప్పశెట్టిగారు దేశవ్యాప్తమైన పేరు గడించిరి. తండ్రి లక్ష్మయ్యగారినుండి విద్యను అందుకొన్న ఆయనను 2008లో పద్మశ్రీ వరించినది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపును లభించినది. నేడు స్త్రీలు పెద్దసంఖ్యలో ఈ పని చేయుచున్నారు. గుడి తెరలతో పాటు చీరలు, గోడపటములు వ్రాయుచున్నారు.

కళాకారునికి శిక్షణ కలిగినది, బిరుదు కలిగినది, గుర్తింపు కలిగినది. మరి ఏటికి?

కొన్నేండ్ల క్రిందట నడివేసవిలో నేను కాళహస్తికి పోయితిని. వంతెనపై నిలిచి చూడగా ఏరున్నచోట ఇసుకయు, తుమ్మపొదలును మాత్రమే కనబడినవి. ఒక వృద్ధ కళాకారుని యింట పెరటిలో సిమెంటు తొట్టి యున్నది, అందులో బోరునీరు. ఆయన ఎవ్వరిని నిందింపలేదు. ఆరుచున్న పటము నొకదానిని చూపి, ఎరుపు తాననుకొన్న ఛాయలో రాలేదని మాత్రము మెల్లగా చెప్పెను. నా కంటికి ఆ ఎరుపు బాగుగనే యున్నది. ఆయన కంటికి లేదు. వీణ తంత్రి వెంట్రుకవాసి దిగినను వైణికుని చెవికి తెలియును గదా! నీటిలోని లవణములనుబట్టి రంగు మారును. ఇనుము హెచ్చైన నీట ఎరుపు మసకబారును. తొట్టినీరు ఎన్నిమార్లు మార్చినను పారు నీటికి సాటిరాదు.

స్వర్ణముఖి ఏనాడును జీవనది కాదు. చంద్రగిరి ప్రాంతపు కొండలలో పుట్టి, తిరుపతి, కాళహస్తి, నాయుడుపేట ప్రాంతముల మీదుగా సముద్రమును చేరు వాన యేరది. ఈశాన్య ఋతుపవనములు కురిసిన నెలలలో పొంగును, వేసవిలో సన్నగిల్లును. 2021 నవంబరులో అది ఒడ్లను కోసివేసినంత ఉద్ధృతముగా వచ్చినది. కాని వానకాలపు నీటిని వేసవికి దాచిపెట్టునది ఇసుక. చెలమ త్రవ్వి నీరు తోడుకొన్న పల్లెవానికి ఈ సత్యము తెలియును. ఆ ఇసుకను బండ్లకెత్తి, మిగిలిన నీటిలో ఊరి మురుగును కలిపినచో, ఏరు వరదనాడు భయమును, తక్కిన దినములందు కంపును మాత్రమే ఇచ్చును. పటము ఇయ్యదు.

వర్ణమునకు జాతి యను మూడవ అర్థమును మరవలేదు. ఆ యర్థమును తలచినపుడు నాకు అమెరికాలోని ఒక ఏటి వంపు జ్ఞప్తికి వచ్చును. అలబామా రాష్ట్రమున, అలబామా నది మెలిదిరిగినచోట జీస్ బెండ్ అను నల్లజాతివారి పల్లె కలదు. బానిసలుగా తేబడినవారి సంతతి అచ్చట నివసించుచున్నది. ఆ స్త్రీలు పొలము పనులలో చిరిగిన బట్టల ముక్కలను కుట్టి బొంతలు చేసిరి. 1962లో, వారు ఓటుహక్కు కోరుచున్న దినములలో, నది దాటించు పడవను అధికారులు నిలిపివేసిరి. అది తిరిగి నడచినది 2006లో. ఈ నడుమనే, 2002లో, హ్యూస్టన్ మ్యూజియములోను, న్యూయార్కులోని విట్నీ మ్యూజియములోను ఆ బొంతలను గోడలకెక్కించి లోకము ముక్కున వ్రేలు వేసికొన్నది. అనగా బొంత మహానగరమును చేరినది గాని, కుట్టిన యామెకు ఎదుటి ఒడ్డు చేరుటకు పడవ లేదు. కళాఖండమును కొనియాడి, కళాకారుని ఏటిని మరచుట ఒక్క మన దేశపు దోషమే కాదు.

ఇక మన విద్యార్థులు తెచ్చిన తెర సంగతి. అచ్చువస్త్రమును కొనుట తప్పని నేననను. పేదవాని యింటికిని నెమలి రావలెను, తీగె రావలెను. చేతివ్రాత పటమునకు పట్టు దినములను, శ్రమను లెక్కించినచో దాని వెల అందరికి అందునది కాదు. తప్పు అచ్చులో లేదు, పేరులో నున్నది. వేరొకని పద్యమునకు తన పేరు తగిలించుకొన్నవానిని మనము చోరుడందుము. ఏటిని చూడని బట్టకు ఏటిలో పుట్టిన పేరు పెట్టి అమ్ముటయు అట్టిదే. కొనువారు ఆ పేరునకు అలవాటుపడినకొద్ది, అసలుదానికి కోరిన వెల అన్యాయముగా తోచును. అప్పుడు కళాకారుడు కలము దించును. కలము దించిన ఊరిలో ఏటి కొరకు నోరెత్తువారును ఒకరు తగ్గుదురు.

అందుచేత ఉపాధ్యాయ మిత్రులకు నాదొక మనవి. ఈ పాఠమును మాటలతో చెప్పి విడువకుడు. గుప్పెడు కరక్కాయ పొడిని నీట కలిపి తెల్ల నూలుగుడ్డను తడిపి ఆరనిండు. త్రుప్పుపట్టిన మేకులను బెల్లపునీటిలో వేసి కొన్ని వారములు ఊరనిండు. పిమ్మట పుల్ల ముంచి ఆ గుడ్డపై పిల్లవానిచేత 'అ' యను అక్షరము వ్రాయింపుడు. వాని కన్నులయెదుటనే అది నల్లబడును. వర్ణ మనగా రంగనియు, అక్షర మనియు నిఘంటువు చెప్పిన మాట వానికి ఆ క్షణమున తెలిసినట్లు ఏ వ్యాఖ్యానము వలనను తెలియదు. తరువాత ఆ గుడ్డను ఎచ్చట ఉతుకవలెనో అడుగుడు. ఆ ప్రశ్న వానిని తన ఊరి ఏటి ఒడ్డునకు తీసికొనిపోవును.

మా విద్యార్థులును ఆ ప్రయోగము చేసిరి. వార్షికోత్సవపు వేదికపై ఆ అచ్చుతెరనే కట్టితిమి. డబ్బు పెట్టి కొన్నది గదా! కాని దాని ప్రక్కన జానెడు గుడ్డపై వంకరటింకరగా, నల్లగా 'మొగలేరు' అని వ్రాసి వ్రేలాడదీసిరి. చూడవచ్చినవారు చాలమంది అదేమని అడిగిరి. నాడు "ఏటిలోనా సార్?" అని నవ్వినవారే ముందుకు వచ్చి చెప్పసాగిరి. నేను ప్రక్కకు తప్పుకొని వింటిని.