గుడి దారిలో సింగారాల వీథి

టోకియో పేరు చెప్పగానే మనలో చాలామందికి గింజా వీథి గుర్తుకు వస్తుంది. కాని నేటి టోకియో సొగసు చూడాలనుకునేవారు ఒమొతెసాందోకు కూడా వెళ్ళి తీరాలి. పారిస్, మిలాన్ నగరాలలో పేరుమోసిన దుస్తుల సంస్థలు ఎన్నో ఇక్కడ అంగళ్ళు తెరిచాయి. పొడవు చూస్తే రమారమి ఒక కిలోమీటరు. ఈ వీథి చూడడానికి టాక్సీ అక్కరలేదు, వెంట దుబాసీ అక్కరలేదు. చేతిలో ఒక పటం, కాళ్ళలో సత్తువ, మూడు గంటల తీరిక ఉంటే చాలు. నేను అలాగే చూశాను.

ముందు ఆ పేరు సంగతి చెప్పాలి. తెలుగు పాఠాలు చెప్పుకుని బ్రతికేవాణ్ణి గనుక ఏ ఊరు వెళ్ళినా నా దృష్టి మాటల మీదికే పోతుంది. జపాను భాషలో “సాందో” అంటే దేవాలయానికి పోయే దారి. “ఒమొతె” అంటే ముందువైపు. అంటే మన సన్నిధివీథి అన్నమాట! “ఒమొతె”కు వ్యతిరేకపదం “ఉరా”, వెనుకవైపు. పెద్దవీథి వెనుక సందులలో కుర్రకారు బట్టల దుకాణాలున్న భాగాన్ని “ఉరా హరాజుకు” అంటారు. ఒకటి వాకిలి, రెండవది పెరడు. ఈ రెండు మాటలూ తెలిస్తే ఆ పేట సగం తెలిసినట్లే.

సన్నిధివీథి గనుక నడక గుడినుంచే మొదలుపెట్టడం న్యాయం. నగరాన్ని చుట్టివచ్చే యమనోతె రైలులో హరాజుకు స్టేషన్‌లో దిగితే ఎదుటనే మెయిజీ చక్రవర్తి ఆలయం. 1912లో కాలంచేసిన ఆ చక్రవర్తికీ, ఆయన రాణికీ 1920లో వెలసిన గుడి అది. మన తోరణాన్ని తలపించే పెద్ద కొయ్య ద్వారం దాటగానే ఊరి రొద ఆగిపోతుంది. చుట్టూ డెబ్బై హెక్టార్ల అడవి. అది దానంతట అది పెరిగింది కాదు. దేశం నలుమూలలనుంచీ ప్రజలు కానుకగా పంపిన లక్ష మొక్కలను నాటి పెంచిన అడవి! 1945లో వైమానిక దాడిలో ప్రధానాలయం కాలిపోయింది. 1958లో తిరిగి కట్టారు.

గుడినుంచి వెనుదిరిగి రైలు పట్టాలపై వంతెన దాటితే ఒమొతెసాందో మొదలవుతుంది. రెండు పక్కలా కెయాకి చెట్లు. మొదలు ఒక్కటే, పైకి పోయినకొద్దీ కొమ్మలన్నీ విసనకర్రలా విచ్చుకుంటాయి. గుడి వెలసిన మరుసటి ఏడు, 1921లో, వీటిని నాటారు. దారి మొదట పల్లానికి దిగి, మధ్యనుంచి మళ్ళీ మెరక ఎక్కుతుంది. ఎందుకిలా అని పటం చూస్తే మర్మం తెలిసింది. పల్లంలో ఒకప్పుడు షిబుయా నది పాయ పారేది. 1964 ఒలింపిక్ క్రీడలకు నగరాన్ని తీర్చిదిద్దే రోజులలో దానిపై కప్పు వేసి బాట చేశారు. ఇప్పుడు దాని పేరు “క్యాట్ స్ట్రీట్”, అనగా పిల్లివీథి! వంపులు తిరుగుతూ సాగే ఆ బాటలో నడిచేవాళ్ళు, పాపం, నీటిపై నడుస్తున్నామని ఎరగరు. ఆనాటి వంతెన రాతి స్తంభాలు మాత్రం పక్కన నిలిచి ఉన్నాయి.

గుడి దారి ఫ్యాషన్ వీథి ఎలా అయిందని మీరడగవచ్చు. యుద్ధం ముగిశాక ఆలయం పక్కనున్న యొయొగి మైదానంలో అమెరికా సైనిక కుటుంబాలకు ఇళ్ళు కట్టారు. ఆ దొరలకూ, దొరసానులకూ, వాళ్ళ పిల్లలకూ కావలసిన సరుకు అమ్మే అంగళ్ళు ఈ దారి వెంబడి వెలిశాయి. విదేశపు పుస్తకాలు, బొమ్మలు, బట్టలు ఇక్కడ దొరుకుతాయని పేరు వచ్చింది. 1964లో అమెరికన్ల ఇళ్ళస్థలమే ఒలింపిక్ క్రీడాకారుల విడిది అయింది. లోకమంతా ఇటు చూసింది. ఆ వెనుక దర్జీలు, చిత్రకారులు, ఛాయాగ్రాహకులు వచ్చి చేరారు. పెద్ద పేర్లు చివర వచ్చాయి.

పిల్లివీథి దాటి మెరక ఎక్కుతుంటే ఎడమవైపున ఒమొతెసాందో హిల్స్ అనే పొడుగాటి అంగళ్ళ భవనం. దీని కథ వినదగినది. 1923లో వచ్చిన మహాభూకంపం టోకియోను నేలమట్టం చేసింది. ఊరు చాలావరకు కొయ్య ఇళ్ళది కావడంతో నిప్పు అంటుకుని వేలాదిమంది చనిపోయారు. సహాయనిధి సొమ్ముతో మరుసటి ఏడు దొజున్‌కాయ్ అనే సంస్థ ఏర్పడి, అదరని, మండని కాంక్రీటు ఇళ్ళు కట్టింది. 1926-27లో ఇక్కడ కట్టినవి అవే. అవి డెబ్బై ఐదేళ్ళకు పైగా నిలిచి, తీగలల్లుకుని ముసలివై, 2003లో కూల్చివేతకు గురయ్యాయి.

కొత్త భవనం తదావొ అందో కట్టారు. ఆయన ఒకప్పుడు ముష్టియోధుడు. ఏ కళాశాలలోనూ చదవకుండా వాస్తుశిల్పి అయిన మనిషి. 2006లో తెరిచిన ఈ భవనంలో ఆయన రెండు నియమాలు పాటించారు. వీథి చెట్లకంటే భవనం ఎత్తు మించరాదని సగం అంతస్తులను భూమిలోకి దింపారు. లోపల ఏటవాలు బాట చుట్టలు చుట్టుకుంటూ పోతుంది. దాని వాలు బయటి వీథి వాలే! లోపల నడుస్తున్నా వీథిలో నడిచినట్లే ఉంటుంది. అన్నిటికంటే నాకు నచ్చింది మరొకటి: ఒక కొసన పాత ఇల్లు ఒకటి ఉన్నది ఉన్నట్లు తిరిగి కట్టి నిలబెట్టారు. మన ఊళ్ళలో రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మొదట పోయేది చెట్టు, రెండవది పాత అరుగు. అది గుర్తుకు వచ్చి నేను అక్కడ కాసేపు నిలబడిపోయాను.

ఎదుటివైపున టాడ్స్ అనే ఇటలీ తోలు సరుకుల సంస్థ కోసం 2004లో తొయొ ఇతొ కట్టిన భవనం ఉంది. గోడ కాంక్రీటుదే; రూపం మాత్రం కెయాకి కొమ్మలది. ఎదుట నిజం చెట్టు, వెనుక రాతి చెట్టు. ఇంత డబ్బు పెట్టి కట్టినవాళ్ళు చెట్టును చూసి నేర్చుకున్నారంటే ముచ్చట వేసింది.

మెరక ముగిసేచోట అవొయామా పెద్దరోడ్డు కలుస్తుంది. చౌరస్తాలో రెండు పెద్ద రాతి దీపస్తంభాలు. పడుచువాళ్ళు వాటి దగ్గర స్నేహితులకోసం ఎదురుచూస్తూ ఫోన్లు చూసుకుంటున్నారు. చేతులలో అంగళ్ళ సంచులు. పక్కనే ఒక చిన్న శిలాఫలకం ఉంది. దానిని 2007లో మినాతొ వార్డువారు పెట్టారు. 1945 మే 25 రాత్రి వైమానిక దాడిలో ఈ పేట తగలబడింది. గుడి దారి వెడల్పైనది గదా, ప్రాణాలు దక్కుతాయని జనం ఇటు పరుగెత్తి వచ్చారు. మంటలు ఇక్కడే చుట్టుముట్టాయి. ఈ దీపస్తంభాల దగ్గర శవాలు గుట్టలు పడ్డాయి. 1921లో నాటిన చెట్లలో కొద్దిపాటి మాత్రమే బ్రతికాయి. ఇవాళ మనం మెచ్చుకునే నీడలో ఎక్కువభాగం యుద్ధం ముగిసిన కొద్ది ఏళ్ళకు తిరిగి నాటిన మొక్కలదే. తినడానికి తిండి చాలని రోజులలో నీడకోసం మొక్కలు నాటారు! ఆ సంగతి తెలిశాక, దాటివచ్చిన వీథిని మళ్ళీ ఒకసారి వెనుదిరిగి చూశాను.

రోడ్డు దాటి అదే దిక్కున పోతే గాజు పలకలతో కట్టిన ప్రాదా భవనం, వీథి చివర నెజు ప్రదర్శనశాల. రైల్వేలలో గడించిన నెజు కైచిరొ సేకరించిన కళావస్తువులతో 1941లో తెరిచారు. 1945 మేలో భవనాలు కాలిపోయాయి; వస్తువులను ముందే వేరేచోటికి తరలించడంవల్ల అవి దక్కాయి. ఇప్పటి భవనం 2009లో కెంగొ కుమా కట్టినది. వెదుళ్ళ పక్కనుంచి లోపలికి దారి. వెనుక తోటలో నీటికుంట, టీ కుటీరాలు. ఒగతా కొరిన్ చిత్రించిన నీలి ఐరిస్ పూల తెరలను ఏటా తోటలో ఆ పూలు పూసే వసంతంలో ప్రదర్శిస్తారు. అందుచేత ఏప్రిల్ చివర వెళ్ళేవారు అదృష్టవంతులు.

ఒమొతెసాందోలో నేను కొన్నది ఒక కప్పు కాఫీ మాత్రమే. అక్కడి అంగళ్ళ ధరలు అధ్యాపకులకోసం పెట్టినవి కావు. అయినా వట్టి చేతులతో వచ్చానని అనిపించలేదు. మీరు వెళితే అద్దాలు చూడండి, సింగారాలు చూడండి, తప్పులేదు. చౌరస్తాలో దీపస్తంభాల దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగండి. పక్కన నిలబడ్డ పడుచుపిల్ల ఎందుకు ఆగారో ఎరగకపోయినా, కాస్త జరిగి చోటిస్తుంది.