హాల్డేన్ కాదన్న చక్రం

‘ఆవుకు కాళ్లు, ఆటోకు చక్రాలు. చక్రాలున్న జంతువు ఒక్కటీ ఎందుకు లేదు?’ అని రెండో తరగతి చదివే తన కూతురు అడిగిందంటూ ఒక పాఠకురాలు రాశారు. సజీవులు, నిర్జీవుల పాఠం చెబుతుంటే వచ్చిన ప్రశ్నట. ఆ పాఠాన్ని రెండు ముక్కల్లో తేల్చేద్దాం. ఆటో కదులుతుంది, ఇంధనం తాగుతుంది, గాలి పీల్చి పొగ వదులుతుంది. కానీ పెరగదు, దెబ్బ తగిలితే తనంతట తాను మాన్పుకోదు, పిల్ల ఆటోను కనదు. కాబట్టి నిర్జీవి. ఇక చక్రం సంగతికి వద్దాం.

గుండ్రంగా ఉన్నదల్లా చక్రం కాదు. ఇరుసు మీద ఎన్ని చుట్లయినా ఆగకుండా తిరగగలిగేదే చక్రం. మన మెడ కుడికి కొంత, ఎడమకు కొంత తిరిగి ఆగిపోతుంది. ఆగకుండా తిరగాలంటే ఒంటికీ చక్రానికీ మధ్య అతుకు ఉండకూడదు. అక్కడ రక్తనాళాన్నో నరాన్నో దాటించారా, నాలుగు చుట్లకే మెలిపడి తెగిపోతుంది. రక్తం అందని చక్రం పెరగదు, అరిగినచోట పూడదు. పైగా చక్రానికి రోడ్డు కావాలి. రాళ్లలో, బురదలో ఆవు కాలే నయం. పేడపురుగు ఉండను దొర్లించుకుపోతుంది నిజమే గానీ ఆ ఉండ దాని ఒంట్లో భాగం కాదు.

అందుకే ప్రాణుల్లో చక్రం పుట్టదని మహామహులే అనుకున్నారు. జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1949లో పరిణామ సిద్ధాంతం మీద జరిగిన వాదోపవాదంలో చక్రం, అయస్కాంతం ఈ రెండూ జీవుల్లో కనబడవన్నారు. దాదాపు పూర్తిగా తయారయ్యేదాకా అవి ఎందుకూ పనికిరావు కాబట్టి పరిణామం వాటిని అంచెలంచెలుగా తయారుచేయలేదని ఆయన తర్కం. ఈ హాల్డేన్ మనకు పరాయివారేం కాదు. 1957లో ఇంగ్లండు వదిలి భారతదేశానికి వచ్చేశారు. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూస్తే, వీలునామా ప్రకారం ఆయన భౌతికకాయం కాకినాడ రంగరాయ వైద్య కళాశాల విద్యార్థుల చదువుకు చేరింది. ఆయన పోయిన తొమ్మిదేళ్లకు చక్రం బయటపడింది.

అదీ మన పేగుల్లోనే. ఇ. కోలై అనే బ్యాక్టీరియా రెండు మైక్రాన్ల పొడవుంటుంది. ఒంటి నుంచి నాలుగైదు సన్నని పోగులు బయటికి వచ్చి ఉంటాయి. వాటిని కశాభాలంటారు. అవి పాము తోకలా మెలికలు తిరుగుతూ నీటిని తోస్తాయని చాలామంది నమ్మేవారు. 1973లో హోవర్డ్ బెర్గ్, రాబర్ట్ ఆండర్సన్ కాదన్నారు. పోగు ఊగడం లేదు, మొదలంటా గిరగిరా తిరుగుతోందన్నారు.

మరుసటి ఏడాది మైకేల్ సిల్వర్‌మన్, మెల్విన్ సైమన్ చేసిన ప్రయోగం చూడండి. కశాభాన్ని పట్టుకునే యాంటీబాడీలతో ఒక్క పోగును గాజుపలకకు అతికించారు. పోగు కదలదు, లోపలి మోటారు ఆగదు. ఇంకేముంది, మోటారు ఒంటినే తిప్పడం మొదలుపెట్టింది! బ్యాక్టీరియా అంతా ఒకవైపు గిర్రున తిరిగి, ఠక్కున ఆగి, మళ్లీ రెండోవైపు తిరిగింది. తోక ఊపే ప్రాణి అలా చుట్లు తిరగలేదు. వాదన అక్కడితో సరి.

ఇక ఆ మోటారు! కశాభం మొదట్లో దాదాపు 45 నానోమీటర్ల వెడల్పున్న ప్రోటీను ఉంగరం ఉంటుంది. దాని చుట్టూ పది దాకా చిన్న యంత్రాలు. ఒక్కోదానిలో ఐదు ప్రోటీన్ల గుత్తి రెండు ప్రోటీన్ల ఇరుసును చుట్టుకుని ఉంటుంది. బయటి నుంచి ప్రోటాన్లు లోపలికి జొరబడే కొద్దీ ఆ ఐదింటి గుత్తి ఇరుసు చుట్టూ తిరుగుతుందని 2020లో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాలు చూసి రెండు బృందాలు ప్రతిపాదించాయి. అంటే పెద్ద చక్రాన్ని తిప్పేవి చిన్న చక్రాలే!

చిన్నవి ఎప్పుడూ సవ్యదిశలోనే తిరుగుతాయి. మరి రివర్సు గేరు ఎలా? ఉంగరమే ఆకారం మార్చుకుంటుంది. చిన్న చక్రం దాని వెలుపలి అంచును తాకితే ఉంగరం అపసవ్యంగా, లోపలి అంచును తాకితే సవ్యంగా తిరుగుతుంది. అపసవ్యంగా తిరిగినంతసేపూ కశాభాలన్నీ జడలా కలిసి బ్యాక్టీరియాను తిన్నగా తోస్తాయి. సవ్యంగా తిరిగితే జడ విడిపోయి అది పల్టీ కొడుతుంది, కొత్త దిక్కుకు తిరుగుతుంది. దాని స్టీరింగు అదే.

భారం లేనప్పుడు ఈ మోటారు నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతుంది. రోడ్డు మీద సాఫీగా పోయే కారు ఇంజను తిరిగేది రెండు మూడు వేలే. ఆగడానికి బ్రేకు అక్కర్లేదు. మోటారు ఆగిన తర్వాత బ్యాక్టీరియా ఒక పరమాణువు వెడల్పంత కూడా ముందుకు జారదని భౌతికశాస్త్రవేత్త ఎడ్వర్డ్ పర్సెల్ లెక్కగట్టారు. అంత చిన్న ఒంటికి నీళ్లే అంత చిక్కన.

రక్తనాళం చిక్కు కూడా ఇక్కడ విడిపోతుంది. కశాభం లోపల బోలుగా ఉంటుంది. కొత్త ప్రోటీన్లు ఆ గొట్టంలోంచే ప్రయాణించి కొసన అతుక్కుంటాయి. రక్తనాళం లేకుండానే చక్రం పెరుగుతుంది.

హాల్డేన్ రెండో మాటా నిలవలేదు. తమలో మాగ్నెటైట్ అనే అయస్కాంత ఖనిజ రేణువులను వరుసగా పేర్చుకుని, భూమి అయస్కాంత రేఖల వెంట ఈదే బ్యాక్టీరియాను 1975లో రిచర్డ్ బ్లేక్‌మోర్ ప్రకటించారు. అవి ఈదేదీ కశాభాలతోనే. కాదన్న రెండూ ఒకే ప్రాణిలో దొరికాయి!

పాతకాలంలో దీనికి తలకిందులైన పొరపాటూ జరిగింది. చెరువు నీటిలోని రోటిఫర్ అనే సూక్ష్మజీవి తల మీద చక్రాలు తిరుగుతున్నట్లు, మైక్రోస్కోపుతో తొలినాళ్లలో సూక్ష్మజీవులను చూసిన లీవెన్‌హుక్‌కు కనబడింది. నిజానికి అక్కడ చక్రం లేదు, ఒకదాని తర్వాత ఒకటి కొట్టుకునే, సన్నని వెంట్రుకల్లాంటి శైలికల వరుస ఉంది. చక్రం లేనిచోట చూశారు, ఉన్నచోట దాదాపు మూడు వందల ఏళ్లు గుర్తుపట్టలేదు.

‘దీనివల్ల ఉపయోగమేంటి?’ అని అడిగేవారు ఎలాగూ ఉంటారు. కలరా క్రిమి పేగుల్లో ఈదేది ఇలాంటి మోటారుతోనే కాబట్టి ఉపయోగం ఉంది, చాలా? నన్నడిగితే తెలుసుకోవడమే పెద్ద ఉపయోగం.

ఉపాధ్యాయులకు ఒక మాట. మీ బడి బీరువాలో మైక్రోస్కోపు ఉంటే దయచేసి తాళం తీయండి. కశాభం తిరగడం దానిలో కనబడదు గానీ చెరువు నీటిలో రోటిఫర్లు కనబడతాయి. లీవెన్‌హుక్‌ను బోల్తా కొట్టించిన ఆ దృశ్యాన్ని పిల్లలను చూడనివ్వండి. అది చక్రమో కాదో వాళ్లనే వాదించుకోనివ్వండి.