తుఫాను టైమ్‌లో ఫోన్ ఛార్జింగ్: 80 దగ్గర ఆపాలా, 100 పెట్టాలా?

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా మన బందరు, గుడివాడ, దివిసీమ వాళ్ల కోసం. '80 శాతం దాటి ఛార్జ్ పెట్టొద్దు' అని అందరూ చెప్తుంటారు కదా. మరి తుఫాను వస్తోందంటే? అప్పుడు మాత్రం 100 పెట్టేయండి. ఎందుకో చెప్తాను.

లిథియం అయాన్ బ్యాటరీలో ఛార్జ్ ఎక్కేటప్పుడు అయాన్లు గ్రాఫైట్ పొరల్లోకి చేరతాయి. ఫోన్ వాడుతుంటే తిరిగి అవతలి వైపుకి వెళ్తాయి. ఛార్జ్ నిండే కొద్దీ వోల్టేజ్ పెరుగుతుంది, దాంతో లోపలి ద్రవం మెల్లగా పాడవుతుంది. దీనికి వేడి తోడైతే ఇంకా త్వరగా పాడవుతుంది. అంటే నష్టం 100 ఎక్కించడంలో కన్నా, రోజూ గంటల తరబడి 100 మీద, అదీ వేడిలో ఉంచడంలో ఎక్కువ. ఒక్క రోజు ఫుల్ పెడితే ఏమీ కాదు.

వేడే అసలు శత్రువు. ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ చెప్తుంది. మే నెలలో గుడివాడలో ఎండ 40 దాటే రోజులుంటాయి. అందుకే ఎండలో, దిండు కింద ఛార్జింగ్ వద్దు. ఛార్జ్ పెట్టి గేమ్ ఆడటం కూడా వద్దు.

ఇక తుఫాను సంగతి. 1977 నవంబర్ 19 ఉప్పెనలో దివిసీమలో వేల మంది ప్రాణాలు పోయాయి. ఇప్పుడు హెచ్చరిక నేరుగా మన ఫోన్‌కే వస్తోంది. ఫోన్ ఆఫ్ అయితే ఆ మెసేజ్ మనకి చేరదు. అందుకే ఇవి గుర్తుపెట్టుకోండి:

ఒకటి: హెచ్చరిక రాగానే ఫోన్, పవర్ బ్యాంక్ రెండూ ఫుల్ చేయండి.

రెండు: టవర్ పోతే ఫోన్ సిగ్నల్ కోసం వెతుకుతూనే ఉంటుంది, ఛార్జ్ అంతా దానికే పోతుంది. సిగ్నల్ అసలు లేకపోతే ఏరోప్లేన్ మోడ్ పెట్టి, గంటకోసారి తీసి చూడండి. సిగ్నల్ ఉంటే మాత్రం ఆన్‌లోనే ఉంచండి.

మూడు: బ్రైట్‌నెస్ తగ్గించి, బ్యాటరీ సేవర్ ఆన్ చేయండి. వీడియోలు ఆపేయండి, మా వీడియో అయినా సరే!

నాలుగు: ఛార్జింగ్ పోర్టు తడిస్తే కేబుల్ పెట్టొద్దు. ఫోన్‌ని పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టి, గాలికి ఆరనివ్వండి. బియ్యంలో పెట్టొద్దు, నలుసులు లోపలికి పోతాయి. ఉప్పునీళ్లు అయితే మెకానిక్‌కి చూపించాకే ఛార్జ్ పెట్టండి.

బ్యాటరీ ఉబ్బి స్క్రీన్ పైకి లేస్తే మాత్రం వెంటనే వాడటం ఆపేయండి. నొక్కొద్దు, పొడవొద్దు, మంటలు రావచ్చు.

కరెంటు వచ్చాక మళ్లీ 20–80 అలవాటుకి వచ్చేయండి. అత్యవసరమైతే 112 గుర్తుంచుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.