కుండీలో మల్లెపూలు

వేసవి సాయంకాలమున మల్లెల పరిమళము సోకని తెలుగు ఇల్లు అరుదు. ఈ పూవును మన ఇరుగుపొరుగున నున్న తమిళులు మల్లి యనియు, కన్నడిగులు మల్లిగె యనియు పిలుతురు. పెరడు లేనివారు సైతము దీనిని కుండీలో పెంచుకొనవచ్చును. అయితే "మొక్క పచ్చగానే యున్నది గాని పూవు మాత్రము పూయదు" అను మాట తరచుగా వినబడుచుండును.

మా పాఠశాలలోను ఇట్లే జరిగినది. ఒక విద్యార్థిని తన తాతగారి ఊరినుండి తెచ్చిన మల్లెకొమ్మను కుండీలో నాటి వరండాలో నుంచితిమి. ఎండకు వాడిపోవునని నీడనే కాపాడితిమి. దినమునకు రెండు పర్యాయములు నీరు పోసితిమి. నెలనెల పేడయెరువు వేసితిమి. రెండు వేసవులు గడచినను ఒక్క మొగ్గయు కానరాలేదు. దానిని పెరికివేసి వేఱొక మొక్క నాటుదమని కొందఱు బాలురనగా, ఆ బాలిక కన్నీరు పెట్టుకొన్నది. మొక్కయందు లోపమేమియు లేదనియు, మేము చూపిన గారాబమే దానికి చేటైనదనియు పిదప గ్రహించితిమి.

మల్లెకు మొదట కావలసినది ఎండ. దినమునకు కనీసము 6 గంటల ఎండ తగులనిచో ఆకులే గాని పూలు రావు. నీడన పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎఱ్ఱటి యెండలో నుంచరాదు. వారము దినములు ఉదయపుటెండ చూపి, పిదప మేడమీదకు చేర్పవలెను.

కుండీ మూతి అడుగు వెడల్పైనను ఉండవలెను. అడుగున రంధ్రముంచి, దానిపై పెంకుముక్క బోర్లించి, ఎఱ్ఱమన్ను, ఇసుక, బాగుగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి నింపవలెను. పైమన్ను ఆరినదని వ్రేలితో చూచి తెలిసికొన్న పిమ్మటనే నీరు పోయవలెను. నీరు నిలిచినచో వేళ్లు కుళ్లి ఆకులు పండిపోవును.

అన్నింటికంటె ముఖ్యమైనది కత్తిరింపు. మల్లె పాతకొమ్మలపై పూయదు. క్రొత్తగా చిగిర్చిన రెమ్మలకే మొగ్గ తొడుగును. కావున నవంబరు నెలాఖరు మొదలు జనవరి లోపల, వానలు వెనుకబడిన పిదప, పది పదునైదు దినములు నీరు బాగుగా తగ్గించి, మొక్కను అడుగెత్తున కత్తిరింపవలెను. ఎండుకొమ్మలను, సన్నని రెమ్మలను పూర్తిగా తీసివేయవలెను. పిమ్మట మన్ను గుల్లచేసి, రెండు గుప్పిళ్ల మాగిన ఎరువును, ఒక గుప్పెడు ఎముకలపొడిని కలిపి నీరు పోయవలెను. ఎరువులో నత్రజని మితిమీరినచో ఆకులు దట్టమై మొగ్గలు తగ్గును. ఎముకలపొడిలోని భాస్వరము పూతకు తోడ్పడును.

మొగ్గలు విచ్చకముందే రంగు మారి, వానికి రంధ్రములున్నచో పురుగు పట్టినదని యెఱిగి, వానిని కోసి నాశనము చేయవలెను. ఆకుల అడుగున నల్లి చేరినచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొంచెము సబ్బునీటితో కలిపి సాయంకాలమున చల్లవలెను. పూత ముగిసిన రెమ్మల కొనలను త్రుంచుచుండినచో మరల చిగుళ్లు వచ్చి, మరల పూయును.

ఈ విధముననే మేమును డిసెంబరులో మా మొక్కను కత్తిరించితిమి. మోడువలె నిలిచిన దానిని చూచి బాలిక దిగులుపడినది. నెల తిరుగక మునుపే చిగుళ్లు తొడిగెను. ఏప్రిలు మాసమున ఒక సాయంకాలము తొలి మొగ్గలు మూడు విచ్చినవి. ఆమె వానిని కోయనీయక, తోడివారినందఱిని పిలిచి చూపినది. పెరికివేయుదమన్న బాలురే ఇప్పుడు దానికి నీరు పోయుచున్నారు.

విద్యార్థులారా! రాబోవు వర్షకాలమున ఆ మొక్కనుండి కొమ్మలు కోసి మీకిచ్చెదము. మీ యిండ్లలో నాటుకొనుడు. ఎండకు వెఱవకుడు, కత్తిరింపునకు సంకోచింపకుడు.