కొత్తిమీర: ఆకుపైరు, మొలకకూర

పుష్యమాసమున తణుకు బజారులో వంకాయలు కొన్నవారికి కొత్తిమీర కొసరుగా దొరకును. ఆషాఢము వచ్చుసరికి అదే కట్టకు పైకము చెల్లింపవలసియుండును, కట్టయు సగమైపోవును. చిన్న రైతునకు లాభమనునది ఈ వ్యత్యాసమునందే యున్నది. చలికాలమున ఎవరైనను కొత్తిమీర పండింపగలరు. ఎండలోను వానలోను పండింప నేర్చినవాడే నాలుగు డబ్బులు కండ్లజూచును.

ఈ నడుమ కొందరు సభ్యులు చెర్విల్ అను పాశ్చాత్యపు ఆకును గూర్చి మమ్ము ప్రశ్నించుచున్నారు. ఫ్రాన్సు దేశస్థులు దానిని పార్స్లీ మొదలగు ఆకులతో కలిపి సన్నగా తరిగి, గ్రుడ్డట్టులలోను సూపులలోను వాడుదురు. దాని పరిమళము సోపును బోలి మెత్తగా నుండును. కొత్తిమీర, జీలకర్ర, వాము, సోపు, క్యారెట్టు ఏ కుటుంబములోనివో చెర్విలును ఆ కుటుంబములోనిదే. అయితే అది చల్లని ప్రదేశములను కోరునది; వేడి తగిలిన వెంటనే పూతకు వచ్చి ఆకు రుచి చెడును. మార్గశిర పుష్యములందు కుండీలో వేసి వేడుక చూడవచ్చును గాని, దానికై సంఘమునుండి అప్పు తీసికొనుట మాకు సమ్మతము కాదు. తణుకులో చెర్విల్ కావలెనని అడుగు గృహిణి మాకింతవరకు కనబడలేదు. అది అక్కడ చేయు పనిని ఇక్కడ కొత్తిమీర చేయుచునే యున్నది. రెండింటి సువాసనయు వేడికి ఎగిరిపోవునదే కావున రెండింటిని పొయ్యి దింపిన పిదపనే వేయుదురు. కొత్తిమీరకు పెద్దరికమును తక్కువ లేదు. బైబిలునందలి నిర్గమకాండములో మన్నాను కొత్తిమీర గింజతోనే పోల్చియున్నారు.

విత్తనము విషయమున మనవారు చేయు అశ్రద్ధ ఇంతంత కాదు. ధనియమని మనము పిలుచునది యొక గింజ కాదు, రెండు బద్దలు కలసిన కాయ. బద్దకొక విత్తు చొప్పున అందు రెండు విత్తులుండును. గోనెపట్టపై పరచి చెక్కతో మెల్లగా రాచినచో బద్దలు విడిపోవును. రోటిలో వేసి దంచినచో మొలకయే చచ్చును. విడిన బద్దలను ఒక రాత్రి నీట నానవేసి, నీడను ఆరనిచ్చి చల్లవలెను. గుంటూరు సమీపమున లాం పరిశోధనాస్థానమునుండి వచ్చిన సాధన, స్వాతి, సింధు అను రకములు ధనియములకు పేరుపొందినవి. ఆకునకై వేయువారు ఆలస్యముగా పూతకు వచ్చు రకమును అడిగి కొనవలెను. కిరాణాకొట్టు ధనియములు మొలవవచ్చును, మొలవకపోవచ్చును. నూరు బద్దలను తడిగుడ్డలో చుట్టి పది దినములుంచి లెక్కించుడు. అరువదింటికి తక్కువ మొలచినచో వానిని చారుపొడికి వాడుకొనుట మేలు.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి మన నేల వరికే అలవాటు పడియున్నది. బరువైన రేగడి, నీరు నిలుచును. కొత్తిమీర వేరునకు నిలువనీరు గిట్టదు. మీటరు వెడల్పున, జానెడు ఎత్తున మళ్లు పోసి, ఇసుకయు బాగుగా చివికిన పశువుల ఎరువును కలుపవలెను. సెంటునకు 100 గ్రాముల విత్తనము చాలును. వరుసకు వరుసకు 15 సెంటీమీటర్లు విడిచి, ఒకటిన్నర సెంటీమీటరు లోతున వేసి, పైన వరిగడ్డి కప్పుడు. వారము పది దినములలో మొలక కనబడును. కనబడిననాడే గడ్డి తీయవలెను. ఆలస్యమైనచో మొలకలు పాలిపోయి, సాగి, పడిపోవును. అంతయు ఒక్కసారి చల్లక పది దినములకొక మడి చొప్పున చల్లినచో కోత తెగదు. ముప్పదియైదు, నలుబది దినములకు ఆకు కోతకు వచ్చును.

వేసవిలో కొబ్బరితోట నీడయే మనకు దేవుడిచ్చిన పందిరి. అది లేనివారు నీడవల కట్టుకొనవచ్చును. వానకాలమున జడివాన మొక్కలను పడగొట్టి బురద చల్లును గాన, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా కప్పి ప్రక్కలు గాలికి విడువవలెను. వేసవిలో కాలువలు కట్టివేసిన దినములందు బోరునీరు వాడువారు మొదట రుచి చూచుకొనుడు. ఉప్పునీటికి ఈ పైరు నిలువదు.

పేనుబంక పట్టినచో నీటిని విసురుగా చిమ్మి కడిగివేయుడు. తగ్గకున్న వేపనూనె వాడుడు. కొందరు బేరము తప్పిపోవునని సాయంకాలము పురుగుమందు కొట్టి, తెల్లవారుసరికి కట్టలు కట్టి పంపుచున్నారు. ఈ ఆకును ఉడుకబెట్టి తినరు, పచ్చిగా తిందురు. ఇది పొరుగువాని అన్నములో విషము కలుపుటకంటె వేరు కాదు. ఇట్టి సరకును సంఘము తీసికొనరాదని మా మతము.

ఇక మొలకకూర. మొక్క రెండు మూడంగుళములు పెరిగి, బీజదళములు విచ్చి, తొలి నిజపత్రము తొంగిచూచునపుడే కత్తెరతో కోసి తినుట దీని పద్ధతి. నాటుయంత్రమునకు నారు పెంచు ట్రేలు నాట్లు ముగిసిన పిదప మన పాకలలో ఊరకే పడియుండును. అవి దీనికి సరిగా పనికివచ్చును. శుభ్రముగా కడిగి, అడుగున కాగితము పరచి, కొబ్బరిపొట్టు రెండంగుళములకు తక్కువగా నింపి, ట్రేకు 50 గ్రాముల బద్దలు చల్లుడు. కొత్తిమీరకు రెండు వారములు దాటును. ఆవాలు, మెంతులు వారములోనే అందివచ్చును గాన నేర్చుకొనువారు వానితో మొదలిడుట మంచిది. త్రాగునీరు తప్ప కాలువనీరు చల్లరాదు. మందు పట్టించిన రంగువిత్తనము ఎట్టి పరిస్థితిలోను వాడరాదు: పెద్దపైరునకు నెలదినముల ఎడముండును, మొలకకూరలో వేసిన మందు తిన్నగా నోటికే పోవును. మందు పట్టింపని విత్తనము మడికి కావలసిన కొలదిలో చిల్లరగా దొరకుట కష్టము. పదిమంది సభ్యులు కలసి సంఘముద్వారా తెప్పించుకొనినచో ఈ చిక్కు తీరును. ముందుగా ఇంటికొరకు రెండు ట్రేలు పెంచుడు. కొనువానితో మాట కుదిరిన తరువాతనే మూడవ ట్రే నింపుడు.

ఇంటివాడుకకు వంకాయ కొత్తిమీరకారమును మించినది లేదు. పచ్చిమిరప, అల్లము, జీలకర్ర, ఉప్పుతో కొత్తిమీర నూరి, మగ్గిన వంకాయలలో చివర వేసి మూతపెట్టిన చాలును. లేతకాడలు పారవేయకుడు, వాసన వానిలోనే హెచ్చు. బజారునకు పంపు కట్టలను తెల్లవారుజామున వేళ్లతో పెరికి, మన్ను దులిపి, తడిగోనెలో నిలువుగా పేర్చుడు. బరువు తూగునని నీట ముంచినచో మరునాటికే ఆకు నల్లబడును.